వట్టి చేతులతో ఎవరూ రాలేదు

మా మరిది కాలు విరిగిందని తెలిసిన పూట నేను కడుపునిండా అన్నం తిన్నాను. బీదర్ రోడ్డు మీద స్కూటరు జారిందట, మోకాలి కింద ఎముక విరిగిందట. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన మనిషి నా మొహంలో బాధ వెతికాడు. దొరకలేదు. ఇచ్చిన నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నేను గిన్నెలో మిగిలిన పప్పు కూడా ఊడ్చుకుని తిన్నాను.

చదివేవాళ్ళకు ఇది పాపంగా కనబడవచ్చు. కనబడనివ్వండి. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. కోపం చల్లారాక రాద్దామని చాన్నాళ్ళు ఆగాను. చల్లారలేదు. ఇంకా ఆగితే నేనే పోయేటట్టున్నాను.

మరిది అంటే నా పెనిమిటి తమ్ముడు. నేను కాపురానికి నారాయణఖేడ్ వచ్చేనాటికి వాడికి లాగు కట్టుకోవడం కూడా రాదు. మా అత్త అప్పటికే పోయింది. వాడికి తలంటింది నేను, ముద్దలు చేసి పెట్టింది నేను, జ్వరం వస్తే పక్కన కూర్చున్నది నేను. పెద్దయ్యాక జహీరాబాద్‌లో ఒక డాక్టరు దగ్గర చేరాడు. సూది వేయడం, మందుల పేర్లు నేర్చుకుని వచ్చి బస్టాండు ముందర మందుల దుకాణం పెట్టాడు. ముందు గది దుకాణం, వెనక గదులు ఇల్లు. ఊరంతా వాణ్ణి డాక్టరనే పిలిచేది. నేనూ పిలిచాను. పిలిచినప్పుడల్లా నాకు ఛాతీ ఉబ్బేది.

మాది కందులు విసిరి పప్పు చేసిపెట్టే పని. కందులకు ఎర్రమన్ను పట్టించి, ఎండబోసి, ఇసుర్రాయిలో పోసి తిప్పితే పొట్టు విడిచి బద్ద పడుతుంది. ఏ ఇంటి కందులు ఆ ఇంటికి పప్పు చేసి పంపేదాన్ని. నా పెనిమిటి అంగట్లో బస్తాలు మోసేవాడు. కొడుకు పట్నంలో మేస్త్రీల కింద పని చేసేవాడు. కోడలు నా దగ్గరే ఉండి కూలికి పోయేది. వాళ్ళ బిడ్డే నా మనుమరాలు.

పిల్లకు నడక వేళకే వచ్చింది. మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. చెవుడని కొందరు తేల్చేశారు. చెవుడైతే, వాకిట్లో ఏ మూలన ఉన్నా నేను రాయి తిప్పడం మొదలుపెట్టగానే ఎట్లా పరుగెత్తుకొస్తుంది? వచ్చి, చెంప నేలకు ఆనించి పడుకుని, తిరిగే రాయి అంచునే చూసేది. రాయి గుర్రుమంటుంటే తనూ గొంతులో అదే చప్పుడు చేసేది. నేను ఆపితే నా మణికట్టు పట్టుకుని తీసుకెళ్ళి పిడి మీద పెట్టేది. నా మొహం చూసేది కాదు. నా చెయ్యి కావాలి, అంతే. మా ఇద్దరికీ అదే మాట్లాడుకోవడం. నాకది చాలనిపించేది. ఊరికి చాలలేదు.

ఇప్పుడు దీనికి ఆటిజం అని పేరుంది, టీవీలో కూడా చెప్తారు. అప్పుడు మాకు ఆ పేరు తెలియదు కాబట్టి ఊరు తలా ఒక పేరు పెట్టింది. మంకుదన్నారు, గాలి సోకిందన్నారు, కోడలు గ్రహణం నాడు కత్తిపీట ముట్టిందన్నారు. తాయెత్తు కట్టించాం. దర్గాకు పోయి ఊదు వేయించాం. ఇవేవీ పిల్లకు మంచి చేయలేదు, చెడూ చేయలేదు. చెడు వచ్చింది మందుల దుకాణంలోంచి.

ఒకరోజు మరిది ఇంటికొచ్చి పిల్ల కనురెప్ప పైకెత్తి చూశాడు. నాలుక చూడబోతే వేలు కొరికింది. నవ్వుతూ వేలు విదిలించుకుని చెప్పాడు.

"పిల్లకేం లేదు వదినె. దిమాగ్‌కు తాకత్ లేదు, గంతే. తాకత్ పోసినమనుకో, మాట దానంతటదే వస్తది."

"నిజంగ మాటొస్తదా?"

"రాకపోతే నా దుకాణం బంద్ పెడ్త."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకున్నాను.

మొదటి సీసా వాడే ఇచ్చాడు. నారింజపండు వాసన, తియ్యగా ఉంటుంది. పిల్ల చెంచా నాకేసింది. మాకు అదే పెద్ద సంబరం, ఎందుకంటే దాని తిండి ఒక తీరు. జొన్నరొట్టె మాడిన అంచు తింటుంది, బెల్లం తింటుంది, వట్టి పప్పు తింటుంది. ఆకుకూర కనబడితే గిన్నె విసిరేస్తుంది. ఏమీ తినని పిల్ల ఇది తాగుతుంది కదా, మంచిదేననుకున్నాం. ఆ ఒక్క సీసాతో ఆగి ఉంటే నేను ఇవాళ ఇది రాసేదాన్ని కాదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరికైనా బాగా లేదంటే చుట్టాలు చూడవస్తారు. వట్టి చేతులతో రారు. వస్తే ఆ ఇంటిని తక్కువ చేసినట్టు. తెచ్చినదాంట్లోంచి ఒక ముద్దో ఒక గుక్కో వాళ్ళ చేతితోనే మంచంలో ఉన్న మనిషి నోట్లో పెట్టించాలి. పెట్టనివ్వకపోతే వాళ్ళను తక్కువ చేసినట్టు. వాళ్ళు వెళ్ళాక మిగిలింది ఇంటివాళ్ళు రోజూ పెట్టాలి, మళ్ళీ వచ్చినప్పుడు అడుగుతారు కాబట్టి. అరటిపళ్ళు, బిస్కెట్లు, కొబ్బరికాయ తెచ్చిన రోజుల్లో ఈ పద్ధతితో ఎవరికీ ఏమీ కాలేదు.

డాక్టరే మందు మొదలుపెట్టాడని, పిల్లకు మాట వస్తుందని కబురు పాకింది. చూడటానికి రాసాగారు. కంగ్టి నుంచి నా ఆడబిడ్డ వచ్చింది, మరిదికి సొంత అక్క. పసుపు పూసల్లాంటి చేప నూనె గోలీలు తెచ్చింది. సూదితో పొడిచి ఒకటి తనే పిల్ల నోట్లో పిండింది. నాగల్‌గిద్ద నుంచి నా చెల్లెలు చుక్కల మందు తెచ్చింది. సిర్గాపూర్ నుంచి కోడలి తల్లి తేనె లాంటి చిక్కటి మందు తెచ్చింది. పక్కింటి ఆపా కూడా తెచ్చింది. మా రెండిళ్ళ మధ్య ఒక్క గోడే, ఆమె రంజాన్‌కు సేమ్యా పంపితే నేను ఉగాదికి బొబ్బట్లు పంపేదాన్ని. ఎవరు వచ్చినా ఒక చెంచా పోసి, పిల్ల నెత్తి నిమిరి, ఒక మాట కోసం దాని నోటికేసి చూసి వెళ్ళేవాళ్ళు. గోడ గూట్లో దీపం పెట్టే చోటు కూడా సీసాలతో నిండిపోయింది.

పొద్దునా సాయంత్రం అన్నీ వరసగా పోసింది నా చెయ్యే. దాని గురించి ఏడవడానికి నేను ఈ కాగితం తీయలేదు. నా చేతికి తెలియనిది ఇంకొకడి నోటికి తెలుసు. నేను రాసేది దాని గురించి.

చదువుకుని ఉంటే ఆ సీసాలు చదివేదానివి కదా అని తర్వాత ఒకావిడ నాతో అన్నది. సీసాల మీద ఉన్నది ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు ఇప్పటికీ రాదు. మా చుట్టాల్లో అది చదవగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు, మా మరిది.

పిల్ల పెదవులు పగిలాయి. వెన్న రాస్తే తగ్గలేదు. అరచేతుల తోలు ఉల్లిపొరలా లేచింది. దువ్వితే జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చేది. బిందెలో మూతి పెట్టి నీళ్ళు తాగేది, తాగినవి కక్కేది. తలను గోడకు ఆనించి నొక్కుకునేది. ముందు కూడా తల కొట్టుకునే అలవాటుంది కాబట్టి మేం దాన్ని మంకుతనమే అనుకున్నాం. కాళ్ళు ముట్టుకుంటే అరిచేది. ముందు కూడా ముట్టుకుంటే అరిచేది. ఏ అరుపు అలవాటుదో, ఏ అరుపు నొప్పిదో చెప్పడానికి దానికి మాట లేదు. మాట రావాలనే కదా మేం ఇదంతా పోస్తున్నది.

మరిదిని పిలిచి చూపించాను. పెదవులు చూశాడు. జుట్టు చూశాడు. గూట్లో సీసాలు చూశాడు. ఒక్కొక్కటీ తిప్పి మరీ చూశాడు, నాకు బాగా గుర్తు.

"గర్మి చేసింది వదినె. మందు మెదడుకెక్కుతున్నదన్నట్టు. ఆపకు. ఇప్పుడాపితే పోసిందంత గంగల కలిసినట్టే."

ఆపలేదు. రెండో చెంచా కూడా వేశాను.

వాన వెలిసిన ఒక పొద్దున పిల్ల మంచం దిగలేదు. కోడలు నిలబెట్టబోతే మోకాళ్ళు ముడుచుకుని కీచుమంది. నాకు ఒకటే ఉపాయం తోచింది. ఇసుర్రాయి దగ్గర కూర్చుని, కందులు లేకుండానే వట్టి రాయి తిప్పాను. వట్టి రాయి చప్పుడు చెవులకు మంచిగుండదు, పళ్ళు జివ్వుమంటాయి. పిల్ల తల తిప్పింది. రావాలనుకుంది. కాళ్ళు కింద పెట్టింది, వెంటనే తీసుకుంది. తర్వాత నేల మీదకు జారి, మోచేతుల మీద పాకడం మొదలుపెట్టింది. సగం దూరం వచ్చి అక్కడే చెంప నేలకు వేసి పడుకుంది. రాయి చప్పుడుకు గొంతు కలపలేదు.

ఆ రోజే పట్నం బస్సెక్కాం.

పెద్ద దవాఖానలో పిల్లల డాక్టరమ్మ వయసు మీదపడ్డ మనిషి. పిల్ల మొహం దగ్గరికి పోకుండా, పక్కనే కూర్చుని తన వాచీ గొలుసు తిప్పుతూ ఉంది. పిల్ల ఆ గొలుసు చూస్తుండగా మెల్లగా కాలి ఎముక మీద వేలు ఆనించింది. పిల్ల అరిచింది. ఏమేం మందులు వాడుతున్నారని డాక్టరమ్మ నన్ను అడిగింది. నేను రెండు చెప్పాను, మిగతావి మందుల లెక్కలో వస్తాయని నాకు తెలియదు, చుట్టాలు తెచ్చినవి కదా. ఇంట్లో ఉన్నవన్నీ తెమ్మంది. కొడుకు నారాయణఖేడ్ వెళ్ళి గూడు మొత్తం సంచిలో వేసుకొచ్చాడు. ఆమె బల్ల మీద పెట్టి ఒక్కొక్కదాని వెనక చదివింది. అప్పటికే రక్తం తీశారు, ఎముకలకు ఫొటో తీశారు.

"సీసాలు వేరమ్మా, పేర్లు వేరు. లోపల ఉన్నవి అవే, ఎ విటమిను, డి విటమిను. కొన్ని విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఇవి పోవు. కాలేయంలో పేరుకుంటాయి, ఎముకల్ని పట్టుకుంటాయి, తలలో ఒత్తిడి తెస్తాయి. ఇన్ని కలిపి ఇంత చిన్నపిల్లకు పోశారు."

"మాట కోసం పోసినమమ్మా," అన్నాను.

"ఈ పిల్లకు మాట రాకపోవడం బలం లేక కాదు. పుట్టుకతోనే దాని మెదడు తీరు వేరు. ఏ సీసాలోనూ మాట ఉండదు." సీసాలు సంచిలో వేస్తూ మళ్ళీ అంది. "నొప్పి అని చెప్పగలిగే పిల్లైతే మీరు ఎప్పుడో ఆపేవాళ్ళు."

విటమిన్లన్నీ విషమని ఊరికిపోయి చెప్పొద్దని కూడా అంది. ఆరు నెలలకోసారి నర్సమ్మ ఇచ్చే ఎ విటమిను చెంచా మంచిదే, పిల్లలకు అది మానిపించొద్దు. సరిగ్గా తినని పిల్లకు ఏదైనా కావలసి రావచ్చు, కాని ఏది, ఎంత అన్నది పిల్లను చూసి చెప్పాలి, ఇంట్లో ఉన్న సీసాలన్నీ చూసి చెప్పాలి. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే పోసి ఉంటే కాలేయం పోయేదట, చూపు కూడా పోయేదట. ఇప్పుడు కాళ్ళ సంగతి చూద్దామంది. నడుస్తుందా అని అడిగితే, నడవాలి అంది. నడుస్తుంది అనలేదు.

కొన్నాళ్ళు అక్కడే పెట్టుకున్నారు. సీసాలన్నీ ఆపి, చేతికి నీళ్ళు ఎక్కించారు. సంచి పారేయమన్నారు. నేను పారేయలేదు.

ఇంటికొచ్చాక పిల్లను మంచం మీద పడుకోబెట్టి, నేను ఒక్కొక్కరి దగ్గరికీ పోయి ఒకటే మాట అడిగాను. నువ్వు తెచ్చింది ఎవరు తీసుకుపొమ్మన్నారు? బస్సు దిగితే ఎదురుగా కనబడేది వాడి దుకాణమే. అందరూ అక్కడే కొన్నారు. అంతవరకు నాకు కోపం రాలేదు, మందు మందుల దుకాణంలో కాక ఇంకెక్కడ కొంటారు. నా చెల్లెలు నాగల్‌గిద్దకు పోయాక కన్నడం కలిపి మాట్లాడుతుంది, వద్దనడానికి బేడ అంటుంది. నా కోపం అది చెప్పిన మాటతో మొదలైంది.

"నేను బేడ బేడ అన్న అక్కా. అరటిపండ్లు కొనుక్కొనే పోయిన దుకాణానికి, పలకరిద్దామని. పోరి పండ్లు విసిరి కొడ్తది, గిది తీస్కపో అని చేతుల పెట్టిండు."

ఆడబిడ్డకూ అదే చెప్పాడు. సిర్గాపూర్ ఆమెకూ అదే. ఎవరెవరు ఏమేం తీసుకుపోయారో వాడికి తెలుసు, వాడే ఇచ్చాడు కాబట్టి. అన్నీ ఒకే నోట్లోకి పోతున్నాయని తెలుసు. అయినా వాడికి తట్టి ఉండదేమో, మరిచిపోయి ఉంటాడేమో అని నా మనసు ఇంకా వాడి తరఫున వెతుకుతూనే ఉంది. చిన్నప్పుడు ఒళ్ళో పెట్టుకున్న పిల్లవాడి మీద పగ పట్టడం అంత సులువు కాదు. ఆ పని పక్కింటి ఆపా సులువు చేసింది.

"నేను చెప్పిన కదా ఆయనకు," అంది ఆపా, నా చెయ్యి పట్టుకుని. "వాళ్ళింట్ల చానా సీసాలున్నయి భాయ్, బిస్కీట్ తీస్కపోతా అన్న. అవన్నీ రక్తానికి ఆపా, గిది ఒక్కటే దిమాగ్‌కు అన్నడు. నేనెట్ల తెలుసుకోవాలె అమ్మా."

ఆమె ఇచ్చినదీ, వాడు మొదట ఇచ్చినదీ ఒకటేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. సీసా మీద బొమ్మ మాత్రం వేరు.

ఇంట్లో చెప్తే నా పెనిమిటి తల వంచుకున్నాడు. వాడు తమ్ముడు, వాడికేం ఎరుక, ఇంట్లోది ఇంట్లో ఉండనీ అన్నాడు. నేను పోయి నిలదీసినా మరిది కూడా అదే అంటాడు. నాకేం ఎరుక వదినె అంటాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటాడు. ఆ ఒక్క జవాబు వాడి జేబులో సిద్ధంగా ఉంది. వాడు చావడం నాకక్కర్లేదు, దుకాణం కాలడమూ అక్కర్లేదు. నాకు ఎరుకే అని వాడి నోటితో వాడు అనాలి, మా వాళ్ళందరూ వినాలి. మంచం మీద పిల్ల కాళ్ళకు నువ్వుల నూనె రాస్తూ రోజూ అదే ఆలోచించాను. పిల్ల గోడ పట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది గాని, అడుగు వేయడం లేదు.

అప్పుడు వాడి కాలు విరిగింది.

చుట్టాలు ఎట్లాగూ చూడవస్తారు. అంగడి నాడు అందరూ కలిసి రావాలని నేనే కబురు పెట్టాను. పొద్దున్నే బస్టాండుకు పోయి నిలబడ్డాను. దిగినవాళ్ళకు దిగినట్టే చెప్పాను. నా మనుమరాలికి ఏది తెచ్చావో మీ డాక్టరుకూ అదే కొను, ఈ దుకాణంలోనే కొను. నా చెల్లెలికి అర్థమై కళ్ళు పెద్దవి చేసింది. ఆడబిడ్డకు అర్థం కాలేదు, తమ్ముడికి తాకత్ మందు తీసుకుపోతే తప్పేముంది అనుకుంది. దుకాణంలో వాడి పెళ్ళాం కూర్చుని ఉంది. మా చుట్టాలు మా దగ్గరే కొంటున్నారని మురుస్తూ తీసి ఇచ్చింది.

వెనక గదిలో మంచం మీద మరిది, తొడ దాకా పిండికట్టు. పైన ఫ్యాను తిరుగుతోంది. మా వాడకట్టులో ఫ్యాను ఉన్న ఇల్లు అదొక్కటే అప్పుడు. నన్ను చూసి వాడు లేచి కూర్చోబోయాడు. నువ్వొస్తవని అనుకోలే వదినె అన్నాడు. నేను మంచం పట్టె మీద కూర్చుని వాడి నుదుటి చెమట తుడిచాను.

ఆడబిడ్డ గోలీ పొడిచి నోట్లో పిండింది. వాడు నవ్వుతూ మింగాడు. నా చెల్లెలు చుక్కలు వేసింది. మింగాడు, నవ్వు కొంచెం తగ్గింది. కోడలి తల్లి చెంచా నింపితే, రేపు తాగుతా అత్తమ్మా అన్నాడు. చూడవచ్చినోళ్ళు చెంచా పట్టుకొని నిలబడితే రేపంటవా అన్నాను నేను. తాగాడు. ఆపా ముందుకొచ్చింది. అది కూడా తాగాడు. అప్పుడు నేను పట్నం నుంచి దాచి తెచ్చిన సంచి తీశాను. పిల్లకు పోయగా మిగిలినవన్నీ ఒక్కొక్క మూత తీసి పెద్ద స్టీలు గ్లాసులో వంచాను. గ్లాసు నిండింది. వాడి పెదవులకు ఆనించాను.

"తాగు. కాలు అతికేదాక రోజు రెండు పూటల నేనే వచ్చి తాపుత."

వాడు మొహం పక్కకు తిప్పాడు.

"ఏంది వదినె, మజాకా చేస్తున్నవా? గివన్నీ ఒక్కటే మందు. ఒక్కటి తాగితే బస్. ఇన్ని తాగితే మనిషి ఖతమైతడు."

ఆడబిడ్డ చేతిలో గోలీల డబ్బా మూత అట్లాగే ఉండిపోయింది. గడపలో నిలబడ్డ వాడి పెళ్ళాం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను ఏమన్నాడో వాడికి ఒక క్షణం తర్వాత అర్థమైంది. అప్పుడు ఒక్కొక్కరి మొహం చూశాడు, చివరికి నా మొహం చూశాడు.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అని అడిగాను.

వాడు తన పెళ్ళాం వైపు తిరిగాడు.

"మాట రాకపోతే దుకాణం బంద్ పెడ్తనన్నవ్. రాలె. ఎప్పుడు పెడ్తవ్?"

"పోరి బతికే ఉన్నది గద వదినె," అన్నాడు.

నేను గ్లాసు కింద పెట్టి, చెయ్యి వాడి పిండికట్టు మీద వేశాను, సరిగ్గా విరిగిన చోట. నొక్కలేదు. వేసి ఉంచాను. నొక్కుతానేమోనని వాడి కళ్ళలో భయం పుట్టి, పెరిగి, మొహమంతా నిండేదాకా ఉంచాను.

"నొప్పైతే చెప్పు," అన్నాను. "నీకు నోరున్నది గద."

చెయ్యి తీసి బయటికి వచ్చాను. ఆ గ్లాసును వాడి పెళ్ళాం దొడ్లో మోరీలో పారబోసిందని తర్వాత తెలిసింది.

దుకాణం మూతపడలేదు. బస్టాండు ముందరి దుకాణాలు అంత సులువుగా మూతపడవు, జ్వరాలు వస్తూనే ఉంటాయి. కాని వాడి సొంత అక్క కంగ్టిలో ఇంటింటికీ చెప్పింది, నేను చెప్తే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మా చుట్టాలెవరూ మళ్ళీ ఆ మెట్టు ఎక్కలేదు. బస్సు దిగి, తల తిప్పుకుని, అరటిపళ్ళ బండి దగ్గరికి పోయేవాళ్ళు. దుకాణంలోంచి వాడు అది చూసేవాడు. ఆ బండి వెనక నిలబడి, వాడు చూడటాన్ని నేను చూసేదాన్ని. పని లేకపోయినా పోయి చూసేదాన్ని. వాడి పెళ్ళాం మాత్రం, చిన్నపిల్లకు తాకత్ మందు అని ఎవరైనా అడిగితే, ఇంట్లో ఇంకేం పోస్తున్నరని అడగడం నేర్చుకుందట. ఆమె మీద నాకు కోపం లేదు.

వాడి కాలు అతికే వేళకు పిల్ల కూడా లేచింది. ఒక మధ్యాహ్నం ఎవరివో సిర్గాపూర్ కందులు విసురుతున్నాను. అలిసిపోయి చెయ్యి తీశాను. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. ఎప్పుడు వచ్చిందో, గోడ పట్టుకుని వచ్చిందో, ఊరికే వచ్చిందో నేను చూడలేదు. పగుళ్ళు మానిన చిన్న చెయ్యి నా చేతిని తీసుకెళ్ళి పిడి మీద పెట్టింది. తర్వాత చెంప నేలకు వేసింది. నేను తిప్పాను. రాయి గుర్రుమంది, పిల్ల గొంతు కలిపింది. లేచి దాన్ని ఎత్తుకుందామనిపించింది. రాయి ఆపితే దానికి కోపం వస్తుందని ఆపలేదు. ఆ కందులన్నీ అయిపోయేదాకా తిప్పాను.

అది ఇప్పటికీ మాట్లాడదు. మాట కోసం ఇంట్లో ఎవరూ ఎదురుచూడటం లేదు కూడా. తిండి పట్టని రోజుల్లో ఏమైనా ఇవ్వాలా అని దవాఖానలో అడిగి, ఇవ్వమంటే ఇచ్చాం, వద్దంటే మానేశాం.

చాలా ఏళ్ళకు మరిదికి షుగరు ముదిరింది. కాలి పుండు మానక మంచం పట్టాడు. వదినెను చూడాలని ఉందని కబురు మీద కబురు పంపాడు. నా పెనిమిటి పోయి వచ్చాడు, నన్ను కూడా పొమ్మని బతిమాలాడు. నేను పోయాను. అప్పటికి మనుమరాలు నా భుజం దాకా ఎదిగింది. దాన్ని వెంటబెట్టుకుని, వాడకట్టు మధ్యలోంచి, అందరూ చూస్తుండగా, వట్టి చేతులతో పోయాను. ఒక్క అరటిపండు కూడా కొనలేదు. మా దగ్గర శత్రువు ఇంటికైనా అట్లా పోరు.

అదే గది. వాడు చిక్కిపోయాడు. నా చేతులకేసి చూశాడు, చంకలో సంచి ఉందేమోనని చూశాడు.

"ఏం తేలేదా వదినె," అన్నాడు.

"తెచ్చిన," అన్నాను. "గిదో, నడిపిచ్చుకుంట తెచ్చిన."

పిల్ల వాణ్ణి చూడలేదు. గోడకు ఆనుకుని నిలబడి, తల వెనక్కి వంచి, పైన తిరిగే ఫ్యానునే చూస్తోంది. గొంతులో ఆ చప్పుడు మొదలుపెట్టింది. వాడు ఏదో చెప్పబోయాడు. నాకేసి చెయ్యి చాచాడు. నేను ఆ చెయ్యి పట్టుకోలేదు. మాఫీ అన్న మాట వినబడిందనుకుంటాను, పిల్ల చప్పుడులో సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పమని నేను అడగలేదు.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. ఆగిన ఫ్యానుతో పిల్లకు పని లేదు. గడప దాటి, దుకాణంలోంచి నడుచుకుంటూ బజారులోకి వెళ్ళిపోయింది. దాని వెనక నేనూ వెళ్ళిపోయాను.